నీళ్ళు కట్టకముందే

ఆ కొత్త ఇంట్లో ఏ పని ముందు జరుగుతుందో తెలుసుకోవడానికి కాంట్రాక్టరును అడగనవసరం లేదు. పెద్దకోడలు టీ ఫ్లాస్కు మూత తిప్పి మొదటి గ్లాసు ఎవరి చేతికి ఇస్తుందో చూస్తే చాలు. గోడలు లేచేటప్పుడు తాపీమేస్త్రీకి ముందు పోసింది. వైర్లు లాగేటప్పుడు ఎలక్ట్రీషియనుకు పోసింది. ఇప్పుడు లోపలి పనులు మొదలయ్యాయి కాబట్టి మొదటి గ్లాసు సీలింగ్ వేసే అతనిది. టైల్స్ మేస్త్రీకి మాత్రం ఎప్పుడూ ఆఖరి గ్లాసే, అదీ అడుగున మిగిలిన చల్లటి టీ.

టైల్స్ మేస్త్రీ అసలు పేరు ఎవరికీ పట్టలేదు. కనబడిన ప్రతి గడప మీదా, ప్రతి కిటికీ దిమ్మ మీదా రసమట్టం పెట్టి, లోపలి నీటిబుడగ మధ్యకు రాకపోతే ఆ పని చేసినవాడిని ఏడు తరాల వెనక్కి వెళ్ళి తిట్టేవాడు. అందుకని వెనకాల అందరూ ఆయన్ని రసమట్టం అనే అనేవారు. ఇంత పట్టుదల మనిషీ పై బాల్కనీలో వాలు బయటికి ఇవ్వకుండా గోడవైపు ఇచ్చి, వేసిన టైల్సన్నీ తన చేత్తోనే పగలగొట్టుకున్నాడు. ఆ సంగతి ఎత్తితే ఆయనకు ఆ పూటకు చెవుడు వచ్చేది.

కింద వాటా పెద్దకొడుకుది, పై వాటా చిన్నకొడుకుది. పైకి మెట్లు ఇంటి పక్కనుంచి, బయటినుంచే. పై వాటా బాత్రూం సరిగ్గా పెద్దకోడలి హాలు నెత్తిమీదకు వచ్చింది. ప్లాను గీసిన రోజే ఆమె గొడవపడింది, ఎవరూ చెవిన పెట్టలేదు. తోడికోడలు స్నానం చేసిన నీళ్ళు తన నెత్తిమీదనుంచి పారడమేమిటని ఆమెకు ఇప్పటికీ కడుపులో మంటే.

అసలు మంట వేరే ఉంది. పెయింటరు ఒక్క వాటాకే దొరుకుతాడని కాంట్రాక్టరు తేల్చేశాడు. ఏ వాటా ముందు తయారైతే దానికి రంగులు వేసి, అతను ఇంకో ఊరికి పని మీద వెళ్ళిపోతాడు. మళ్ళీ ఎప్పుడొస్తాడో అతనికే తెలియదు. రెండోవాళ్ళు అందాకా అద్దెఇంట్లోనే, అత్తగారితో, ఆ ఇరుకు వంటగదిలో పడి ఉండాలి. ఆ వంటగదిలో పెద్దకోడలు ఉప్పు డబ్బా ఒకచోట పెడితే చిన్నకోడలు చిరునవ్వుతో ఇంకోచోట పెట్టేది. పెద్దకోడలు అరిచేది, చిన్నకోడలు "సరే అక్కా" అనేది, డబ్బా మాత్రం చిన్నకోడలు పెట్టిన చోటే ఉండిపోయేది. ముందుగా కొత్త ఇంట్లో దిగేది తానే కావాలి. పెద్దకోడలికి ఇంకో కోరిక లేదు.

ఆ ఉదయం రసమట్టం పై బాత్రూంలో నేలకూ, గోడల అడుగుకూ, నీళ్ళు కిందికి దిగకుండా నల్లటి పూత పూస్తున్నాడు. మూలల్లో వేళ్ళతో అదిమి, నీళ్ళు పోయే జాలీ దగ్గర బ్రష్షు నిలబెట్టి పొడిచి పొడిచి పూశాడు. పూత పూర్తయ్యాక గుమ్మం బయట గొంతుక్కూర్చుని, పెద్దకోడలు పైకి రాగానే చేతులు తుడుచుకున్నాడు.

"అమ్మా, ఇలా వినండి. ఇది ఐదారు రోజులు ఆరాలి. ఈలోగా పక్కవీధిలో ఇంకో ఇంటి పని ఉంది, చూసుకొస్తా. వచ్చి ఈ గదిలో నీళ్ళు కడతా, ఒక రాత్రి నిలవాలి. కింద తడి కనబడలేదని నేను చూసి చెప్పాకే హాల్లో సీలింగ్ మూయించండి. అందాకా ముట్టుకోనివ్వద్దు."

"ఏం, నీ పూత మీద నీకే నమ్మకం లేదా?" అంది పెద్దకోడలు.

"నా పూతా?" ఆయన గొంతు వీధి చివరిదాకా వెళ్ళింది. "దీని మీద చెరువు కట్టినా చుక్క దిగదు! కావాలంటే రాసిస్తా!" తర్వాత గొంతు తగ్గించి, "ఆ జాలీ కింద గొట్టం చుట్టూ పూడ్చింది నేను కాదు, ప్లంబరు. అతగాడి పని నేను నమ్మను. అందుకే నీళ్ళు కట్టాలంటున్నా" అన్నాడు.

చెరువు సంగతి ఇల్లంతా వింది. రెండో మాట విన్నది తానొక్కతే అనుకుంది పెద్దకోడలు. వెనక్కి తిరిగితే మెట్ల మలుపులో చిన్నకోడలు నిలబడి ఉంది, చేతిలో రెండు టైల్ ముక్కలు వెలుగుకు తిప్పి చూసుకుంటూ.

"ఏ రంగు బాగుందక్కా?" అని అడిగింది.

"రెండూ మురికిగానే ఉన్నాయి," అని పెద్దకోడలు దిగిపోయింది.

కింద హాల్లో ఇనప చట్రం బిగించి ఉంది. సీలింగ్ అతను జిప్సం షీట్లు గోడకు చేరేసి, ఏం చెయ్యమంటారన్నట్టు ఆమె వైపు చూశాడు. మూయకపోతే పుట్టీ లేదు. పుట్టీ లేకపోతే పెయింటరు లోపలికి రాడు. పైన పడగ్గదుల్లో అప్పుడే పుట్టీ ఆరిపోతోంది. పెద్దకోడలు తల పైకెత్తి బోసిగా ఉన్న శ్లాబును చూసింది. పొడిగా, తెల్లగా, నున్నగా ఉంది.

"పైన నీళ్ళు కట్టి చూశాక కదమ్మా మూసేది?" అన్నాడు సీలింగ్ అతను.

"మేస్త్రీ మూసుకోమన్నాడు. చెరువు కట్టినా దిగదట, వినలేదూ?"

విన్నాడు. నవ్వి, నిచ్చెన ఎక్కాడు. పెద్దకోడలు అతనికి రెండో గ్లాసు టీ కూడా పోసింది.

ఆ తర్వాత పని పరుగెత్తింది. షీట్లు ఎక్కాయి, అతుకుల మీద టేపు పడింది, పుట్టీ పడింది. పెయింటరు సాండ్‌పేపరు పట్టి రుద్దుతుంటే హాలంతా తెల్లటి పొడి లేచింది, పెద్దకోడలు కొంగు ముక్కుకు అడ్డంపెట్టుకుని అందులోనే నిలబడి చూసింది. ప్రైమరు పడింది. మొదటి కోటు పడిన సాయంత్రం గుమ్మానికి ప్లాస్టిక్ కాగితం అంటించి, తలుపు దగ్గరగా వేసి, ఎవరూ తెరవకూడదని చెప్పి ఇంటికి వెళ్ళింది. ఆ రాత్రి భోజనాల దగ్గర చిన్నకోడలు ఉప్పు డబ్బా ఎక్కడ పెట్టినా ఆమె పల్లెత్తు మాట అనలేదు.

మర్నాడు సాయంత్రం అందరూ వెళ్ళిపోయాక రసమట్టం వచ్చాడు. తిన్నగా బయటి మెట్లెక్కి పైకి వెళ్ళాడు. పూత మీద గోరు పెట్టి గీరి చూసుకున్నాడు. జాలీలో గుడ్డ కుక్కి, గుమ్మానికి అడ్డంగా సిమెంటుతో చిన్న గట్టు కట్టి, పైపు పెట్టి చీలమండ లోతు నీళ్ళు నింపాడు. గోడ మీద నీటిమట్టం దగ్గర పెన్సిలుతో గీత గీసి ఇంటికి పోయాడు. కింద తలుపు తోసి ఒక్కసారి తొంగిచూసి ఉంటే ఈ కథే లేదు. కానీ తను చెప్పిన మాటను ఎవరైనా దాటుతారని ఆయనకు తోచదు.

పొద్దున పెద్దకోడలు తలుపు తెరిచేసరికి సీలింగ్ మధ్యలో బానపొట్టలా కిందికి దిగి ఉంది. దాని అంచునుంచి నీళ్ళు సన్నగా కారుతున్నాయి. ఆమె నోరు తెరిచేలోగా ఒక షీటు విరిగి, తడి పుట్టీ ముద్దలతో సహా కొత్త నేల మీద పడింది. మొదటి కోటు వేసిన గోడ మీద పసుపుపచ్చటి చారలు దిగాయి. పెద్దకోడలు గుమ్మం పట్టుకుని నిలబడిపోయింది. ఏడుపు రాలేదు. ఇది తన చేతి పనేనని ఆమెకు ఆ క్షణంలోనే తెలుసు, అందుకే ఏడవడానికి కూడా ధైర్యం చాలలేదు.

కాసేపటికి హాలు నిండా మనుషులు. కాంట్రాక్టరు చెప్పులతోనే నీళ్ళలో నిలబడి, "ఎవడ్రా పైన నీళ్ళు వదిలింది?" అని అరిచాడు.

"వదల్లేదు, కట్టాను!" అన్నాడు రసమట్టం మెట్లమీదనుంచే. దిగి వచ్చి, కూలిన సీలింగ్ చూసి, నోరు వెళ్ళబెట్టాడు. "దీన్ని ఎవరు మూయమన్నారు?"

సీలింగ్ అతను తన తప్పేమీ లేదన్నట్టు రెండు చేతులూ ఎత్తాడు. "మేస్త్రీ మూసుకోమన్నాడని అమ్మగారే చెప్పారు."

అందరూ పెద్దకోడలి వైపు తిరిగారు. ఒక్క మాటతో ఒప్పేసుకోవచ్చు. ఆమె నోట్లోంచి ఇంకో మాట వచ్చింది.

"నువ్వేగా మేస్త్రీ అన్నది, చెరువు కట్టినా దిగదు, మూసుకోండని!"

"చెరువు కట్టినా దిగదన్నా! మూసుకోమని ఎప్పుడన్నా? మూసుకోమన్నవాణ్ణి మళ్ళీ వచ్చి నీళ్ళెందుకు కడతానమ్మా?"

"ఏమో, మర్చిపోయి ఉంటావు," అన్నాడు కాంట్రాక్టరు. "బాల్కనీ వాలు మర్చిపోలా?"

రసమట్టానికి ఈసారి చెవుడు రాలేదు. ముఖం ఎర్రబడింది. కాంట్రాక్టరుకు ఎవరో ఒకరు దొరకాలి, ఇంటివాళ్ళు మాత్రం కాకూడదు. అయినా ఆఖరి ఆధారం కోసం అతను గుమ్మం వైపు చూసి, "ఆ రోజు మీరూ ఇక్కడే ఉన్నారు కదమ్మా, మేస్త్రీ ఏమన్నాడు?" అని చిన్నకోడల్ని అడిగాడు.

ఇక అయిపోయింది అనుకుంది పెద్దకోడలు. ఇంతమంది ముందు, ఆ మెత్తటి గొంతుతో, తన పరువు గంగలో కలిపేస్తుంది.

చిన్నకోడలు చీర కుచ్చిళ్ళు తడవకుండా కాస్త పైకెత్తి పట్టుకుని, తోడికోడలి కళ్ళలోకి ఒక్కసారి చూసింది. తర్వాత కాంట్రాక్టరు వైపు తిరిగింది.

"అవునండీ. మెట్ల మీదే ఉన్నాను. మూసుకోమనే అన్నాడు."

రసమట్టం ఇద్దర్నీ మార్చి మార్చి చూశాడు. జేబులోంచి రసమట్టం తీసి, మళ్ళీ జేబులో పెట్టుకున్నాడు. కాంట్రాక్టరు ఆయన్ని గేటు దాటించాడు. సామాన్లు తర్వాత వచ్చి తీసుకుపొమ్మన్నాడు.

ఆ మధ్యాహ్నమే చిన్నకోడలు వసూళ్ళు మొదలుపెట్టింది.

"అక్కా, ఎలాగూ నీ హాలు మళ్ళీ విప్పాలి కదా. పెయింటరు పాపం ఖాళీగా ఉంటాడు. పైకి పంపేయనా?"

"పంపు," అంది పెద్దకోడలు.

మర్నాడు, "అక్కా, అత్తయ్యగారు మెట్లెక్కలేరు. ఆవిడ మంచం కింద నీ దగ్గరే వేస్తే బాగుంటుంది కదూ?" అంది.

"సరే."

"మెట్ల కింద గది కూడా నీకు అక్కర్లేదంటివి కదక్కా?"

ఎప్పుడూ అనలేదు. ఆ గదిలో అల్మారా ఎక్కడ పెట్టాలో కూడా ఎప్పుడో అనుకుని ఉంచుకుంది. "తీసుకో," అంది.

అక్కా అన్న మాట ఇంత తియ్యగా ఉంటుందని ఆమెకు ఇన్నేళ్ళలో తెలియదు. చెవిలో చీమ దూరినట్టు ఉండేది. చిన్నకోడలు గొంతు పెంచేది కాదు, ఆ రోజు సంగతి ఎత్తేది కాదు. అడిగి, తల కాస్త వంచి, జవాబు కోసం ఆగేది. ఆ ఆగడంలోనే అంతా ఉండేది. ఇంటికి వెళ్తే భర్త, "ఆ రసమట్టాన్ని ఎప్పుడో తీసెయ్యాల్సింది, మంచిపని చేశావు" అని మెచ్చుకున్నాడు. ఆ మెప్పు కూడా ఆమె గొంతు దిగలేదు.

సామాన్ల కోసం రసమట్టం వచ్చిన పూట అందరూ వరండాలో టీకి చేరారు. ఆయన్ని కాంట్రాక్టరు గేటు దగ్గరే నిలబెట్టి, టైల్ కోసే మిషనూ, రబ్బరు సుత్తీ, బకెట్లూ తెప్పిస్తున్నాడు. పెద్దకోడలు అలవాటు కొద్దీ ఫ్లాస్కు మూత మీద చెయ్యి వేసింది.

చిన్నకోడలు వచ్చి ఆ చేతిలోంచి ఫ్లాస్కును సుతారంగా లాక్కుంది.

"నువ్వు అలిసిపోయావక్కా. నేను పోస్తాగా. నువ్వా గ్లాసులు కడిగి పట్రా."

పనివాళ్ళు తలలెత్తి చూశారు. పెద్దకోడలు గ్లాసుల పళ్ళెం తీసుకుని పంపు దగ్గరికి వెళ్ళింది. నీళ్ళు తిప్పి ఒక్కో గ్లాసులో వేళ్ళు పెట్టి కడిగింది. గేటు అవతలనుంచి రసమట్టం చూస్తున్నాడు. చూసి తల తిప్పుకున్నాడు. తిడితే బాగుండేది.

ఆమె తడి గ్లాసులతో వెనక్కి వచ్చేసరికి చిన్నకోడలు మొదటి గ్లాసు పెయింటరు చేతికిచ్చి, "రేపట్నుంచి ఏదైనా నన్నే అడగండి. అక్కకి ఈ పనులన్నీ అయోమయంగా ఉన్నాయి పాపం," అంటోంది.

పెద్దకోడలు పళ్ళెం గచ్చు మీద పెట్టింది. ఒక గ్లాసు దొర్లిపోయింది, దాన్ని ఆపలేదు.

"సీలింగ్ మూయమని మేస్త్రీ చెప్పలేదు," అంది, ఎప్పటి గొంతుతో, వీధికి వినబడేలా. "నేనే మూయించాను. నీళ్ళు కట్టి చూసి చెప్పేదాకా ముట్టుకోవద్దన్నాడు. ఆ మాట ఇదిగో, ఈవిడ కూడా మెట్ల మీద నిలబడి వింది. విని, అందరి ముందూ అబద్ధమాడింది."

"అక్కా!" అంది చిన్నకోడలు. ఫ్లాస్కు చేతిలో వంకరగా ఉండి టీ కాళ్ళ మీద కారుతోంది. "నీ పరువు కాపాడదామనే కదా నేను అలా చెప్పింది!"

అనేశాక గాని తను ఒప్పేసుకున్నానని ఆమెకు తెలియలేదు. అప్పుడు ఆ మెత్తటి ముఖం మారింది. ఆ మారడం చూడటానికి ఇంకో సీలింగ్ కూలినా పరవాలేదనిపించింది పెద్దకోడలికి. ఇన్నాళ్ళకు ఊపిరి లోపలిదాకా వెళ్ళింది.

"నువ్వు కాపాడిన పరువు నాకొద్దు. నీ దయ మీద ఆ గుమ్మంలో అడుగుపెట్టేకంటే అద్దెఇంట్లో చచ్చేదాకా ఉంటాను."

కాంట్రాక్టరు నెత్తి గోక్కున్నాడు. పెయింటరు గ్లాసు కింద పెట్టి, ఈ ఇంట్లో కింద తడీ పైన తగువూ ఆరేదాకా తన పని కాదనీ, ఆ ఊరి పని చూసుకుని వస్తాననీ చెప్పి, బ్రష్షులు కడుక్కోవడానికి లేచాడు. పై వాటా సగం రంగుతో ఆగింది. కింద వాటా చారలతో ఆగింది. రసమట్టాన్ని కాంట్రాక్టరు గేటు లోపలికి పిలిచి, "సరేలేవయ్యా, రేపట్నుంచి రా. ముందు ఆ గొట్టం చుట్టూ తవ్వి పూడుద్దాం. నువ్వు మాత్రం ఒకసారి కిందికి చూసి ఉండాల్సింది," అన్నాడు.

"రేపట్నుంచి రావాలా?" రసమట్టం బకెట్టు నేలకేసి కొట్టాడు. పెద్దకోడలి ఎదురుగా వచ్చి నిలబడ్డాడు. "ఇప్పుడా తల్లీ నోరు పెగిలింది? నా చేతి కింద ఇల్లు కూలిందని వీధి వీధంతా చెప్పుకున్నారు. అక్కడ పక్కవీధి వాళ్ళు నిన్న నా సామాన్లు బయట పెట్టారు. నన్ను చూసి తలుపేసుకున్నారు. మీరూ మీరూ కొట్టుకుని నిజం చెప్పుకున్నారు, బాగుంది. వాళ్ళకెవరు చెప్తారు?"

చిన్నకోడలు అప్పటికే పైకి వెళ్ళిపోయింది. ఈసారి వెళ్తూ అక్కా అనలేదు.

"పద, చెప్తాను," అంది పెద్దకోడలు.

ఆమె తమాషాకు అంటోందేమోనని రసమట్టం కాసేపు చూశాడు. ఆమె చెప్పులు వేసుకుంది. దారిపొడుగునా ఆయన ముందు నడిచాడు, ఆమె వెనక. ఆయన తిడుతూనే ఉన్నాడు, ఆమెను, ప్లంబరును, కాంట్రాక్టరును, బాల్కనీని. మొదటి మలుపు దాకా చిన్నకోడలి మారిన ముఖం ఆమె కళ్ళముందు ఉంది, కాళ్ళు చురుగ్గా పడ్డాయి. రెండో మలుపు తిరిగేసరికి ఆ ముఖం చెదిరిపోయింది. అప్పుడు కొంగు సర్దుకుంది. సర్దుకున్న కొంగే మళ్ళీ సర్దుకుంది.

ఆ ఇంటికి ఇంకా సున్నం కూడా పడలేదు. గేటు పక్కన సిమెంటు బస్తాల మీద రసమట్టం సామాన్ల సంచీ ఉంది. ఆయన గేటు దగ్గరే ఆగిపోయాడు. లోపలికి రమ్మంటే తల అడ్డంగా ఊపి, అటు తిరిగి నిలబడి, జేబులోంచి రసమట్టం తీసి గేటు దిమ్మ మీద పెట్టి వంగి చూడసాగాడు.

పెద్దకోడలు ఒక్కతే లోపలికి వెళ్ళింది. గుమ్మంలో ముఖమెరుగని ఒకావిడ, వెనక ఇద్దరు పనివాళ్ళు, నిచ్చెన మీద ఇంకొకడు. ఇక్కడ దెబ్బకు దెబ్బ తీయడానికి ఎవరూ లేరు. ఈ మాట అన్నాక ముఖం మాడ్చుకునే మనిషీ లేదు, పోయేది తన పరువు ఒక్కటే. వెనక్కి తిరిగిపోతే గేటు దగ్గరున్న మనిషి తిడతాడు, అంతే. తిట్లు ఆమెకు కొత్త కాదు.

"ఎవరండీ మీరు?" అంది గుమ్మంలో ఆవిడ.

అరవడానికి పుట్టిన గొంతు ఇప్పుడు పైకి రావడం లేదు.

"పక్కవీధిలో సీలింగ్ కూలిన ఇల్లు మాదండీ," అంది పెద్దకోడలు. "మేస్త్రీ వద్దన్నా దాన్ని మూయించింది నేనే."